వార్ధక్యమున మానసిక వ్యాధులు, నిద్రావైకల్యములు

అరువది సంవత్సరములు నిండిన పిమ్మట మనుష్యుని మనస్సును నిద్రను బాధించు వ్యాధులలో ముఖ్యమైనవి విషాదరోగము, ఆందోళన, డిమెన్షియా యని వైద్యులు వ్యవహరించు మతిభ్రంశము, డెలీరియం అనబడు సంధి, నిద్రలేమి, నిద్రలో శ్వాసభంగము అనునవి. ఇవి వేర్వేరు వ్యాధులే యైనను వృద్ధులయందు ఒకదానినొకటి పెనవైచికొని కనిపించును. నిద్ర చెడినచో మనస్సు క్రుంగును, మనస్సు క్రుంగినచో నిద్ర మరింత చెడును, ఈ రెంటి నడుమ జ్ఞాపకశక్తి సన్నగిల్లును. కేశములు నెరయుట, చర్మము ముడుతలు పడుట, నడక మందగించుట వయోధర్మములు. దినదినము దుఃఖములో మునిగియుండుట, ఇంటివారిని గుర్తింపలేకపోవుట, రాత్రులు కన్నుమూయక వేగించుట మాత్రము వ్యాధిలక్షణములు. ‘వయసు పైబడినది, ఇక ఇంతే’ యను ఒక్క మాటతో వీనిని త్రోసిపుచ్చుట మన యిండ్లలో పరిపాటి యైనందున, చికిత్సకు లొంగెడి బాధలనేకము ఆ మాట చాటుననే మరుగుపడి మిగిలిపోవుచున్నవి.

స్వాతంత్ర్యము వచ్చిన నాటికి భారతీయుని సగటు ఆయుర్దాయము సుమారు 32 సంవత్సరములు. నేడది 70 సంవత్సరముల ప్రాంతమునకు చేరినది. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశములో అరువదేండ్లు దాటినవారు పది కోట్లకు పైబడియుండిరి. మొత్తము జనసంఖ్యలో వీరు నూటికి 8.6 వంతు. ఒకనాడు ఊరికి ఒకరిద్దరికి మాత్రమే దక్కిన షష్టిపూర్తి మహోత్సవము నేడు ప్రతి వీథిలోను జరుగుచున్నది. ఆయుస్సు పెరిగినంత వేగముగా ఆ పెరిగిన యేండ్ల ఆరోగ్యమును గూర్చిన జ్ఞానము మాత్రము ప్రజలలో వ్యాపింపలేదు. వృద్ధాప్యమును గూర్చి దేశవ్యాప్తముగా 2017–18లో ప్రారంభమైన ‘లాసి’ యను దీర్ఘకాలిక సర్వే, అరువదేండ్లు దాటినవారిలో నూటికి 8.3 మందికి తీవ్ర విషాదరోగ లక్షణము లున్నట్లు కనుగొన్నది. ఆ రోగము తమకు గలదని అదివరకే వైద్యునివలన తెలిసికొన్నవారు నూటికి ఒక్కరైనను లేకుండిరి. వ్యాధికిని వైద్యునికిని నడుమగల దూరమును ఈ రెండు సంఖ్యలు చాటుచున్నవి.

చరిత్ర

వృద్ధుల నిద్రలేమి మన పూర్వులకు తెలియనిది కాదు. ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూడింటిని శరీరమునకు ఉపస్తంభములుగా చరకసంహిత పేర్కొన్నది. ఆయుర్వేదముయొక్క ఎనిమిది అంగములలో ఒకటియగు రసాయనతంత్రము జరాచికిత్సకే ఉద్దిష్టమైనది. తిక్కన తెనిగించిన ఉద్యోగపర్వములో సంజయుడు పాండవుల కడనుండి మరలివచ్చిన నాటిరాత్రి నిద్రపట్టని వృద్ధ ధృతరాష్ట్రుడు విదురుని పిలిపించుకొనును. పుత్రుల భవితవ్యమును తలచి రాత్రియెల్ల జాగరము చేయు ఆ తండ్రి అవస్థ నేటికిని అనేక గృహములలో ప్రత్యక్షమగుచునే యున్నది.

ఆధునిక వైద్యమున 1906లో జర్మను వైద్యుడు ఆలోయిస్ ఆల్‌జైమర్, ఏబదియేండ్ల ప్రాయముననే మతి కోలుపోయి మరణించిన ఒక స్త్రీ మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు పేరుకొనిన ఫలకములను, నాడీకణములలోని చిక్కులను వర్ణించెను. 1910లో మానసికవైద్యుడు క్రెపెలిన్ తన గ్రంథములో ఆ వ్యాధికి ఆల్‌జైమర్ పేరు పెట్టెను. మానసిక చికిత్సాలయములలో చేరిన వృద్ధులందరును మతిభ్రంశము గలవారే యని చిరకాలము భావింపబడెను. 1955లో ఇంగ్లండున మానసికవైద్యుడు మార్టిన్ రోత్ ఆ రోగులను శ్రద్ధగా విభజించి, విషాదరోగముతో చేరిన వృద్ధులలో అధికసంఖ్యాకులు కోలుకొని ఇండ్లకు మరలుచున్నారనియు, మతిభ్రంశముతో చేరినవారి గతి ఇందుకు పూర్తిగా భిన్నమనియు నిరూపించెను. వృద్ధుల మానసిక వైద్యమునకు ఈ విభజనమే పునాది. అంతకు రెండేండ్ల ముందు, 1953లో, షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అను పరిశోధకులు స్వప్ననిద్రా దశను ప్రకటించుటతో నిద్రాశాస్త్రమునకు కొత్త యుగ మారంభమైనది.

వయస్సుతో మారు నిద్ర

నిద్ర రాత్రియెల్ల ఒకే తీరున సాగునది కాదు. తేలిక నిద్ర, గాఢనిద్ర, స్వప్ననిద్ర అను దశలు సుమారు 90 నిమిషముల ఆవృత్తితో రాత్రి నాలుగైదు పర్యాయములు వచ్చిపోవుచుండును. మెదడులోని హైపోథాలమస్ భాగమున, కంటినాడులు కలిసికొను చోటికి పైన నున్న ఒక చిన్న కణసముదాయము జీవగడియారమై దేహమునకు రాత్రింబవళ్ళను తెలుపుచుండును. చీకటి పడిన పిదప పీనియల్ గ్రంథినుండి మెలటోనిన్ అను స్రావము వెలువడి శరీరమును నిద్రకు సమాయత్తపరచును. వయస్సు పెరిగిన కొలది గాఢనిద్ర తగ్గి తేలిక నిద్ర పెరుగును. మాగన్నుగా నున్నవాడు చిన్న చప్పుడుకే మేల్కొనును. మెలటోనిన్ స్రావము క్షీణించును. జీవగడియారము ముందునకు జరిగి, ప్రొద్దుగూకిన కొంతసేపటికే కునికిపాట్లు, కోడి కూయకముందే మెలకువ వచ్చును. కంటి కటకము పసుపువన్నెకు తిరిగి శుక్లములు క్రమ్ముటచే పగటి వెలుగు చాలినంతగా లోనికి ప్రవేశింపకపోవుటయు ఈ గడియారమును బలహీనపరచును.

ముసలివారికి నిద్రతో అంతగా పనిలేదను అభిప్రాయము సరియైనది కాదు. అరువదియైదేండ్లు దాటిన ఆరోగ్యవంతులకును 7 మొదలు 8 గంటల నిద్ర కావలయునని నిద్రాశాస్త్రజ్ఞుల నిర్ణయము. వయస్సుతో సడలునది దానిని ఏకబిగిని నిద్రింపగల శక్తి. రాత్రి ఏడు గంటలకు భోజనము ముగించి, ఎనిమిదింటికి నడుము వాల్చి, తెల్లవారుజామున మూడింటికి లేచి, ‘కంటిమీద కునుకు లేదు’ అని వాపోవు వృద్ధుని దినచర్యను ఓపికతో అడిగి చూడవలెను. ఎనిమిది మొదలు మూడు వరకు ఏడు గంటలు. మధ్యాహ్న భోజనానంతరము పడకకుర్చీలో ఒక గంట. సాయంకాలము టీవీ యెదుట తల వ్రాల్చి మరి కొంతసేపు. ఇట్టివానికి చాలినంత నిద్ర లభించుచునే యున్నది. వేళ మాత్రమే తప్పినది. పగటి కునుకును అరగంటకు కుదించి, సాయంత్రపు వెలుగులో కొంతసేపు నడచి, పడక చేరు వేళను క్రమముగా పది గంటలకు జరపినచో, మందుతో పనిలేకయే ఈ బాధ తరచుగా తీరును.

నిద్రలేమి

పడక చేరిన చాలసేపటివరకు నిద్రపట్టకపోవుట, పట్టిన నిద్ర నిలువకపోవుట, వేకువకు ముందే మేల్కొని మరల కన్నుమూయలేకపోవుట అను లక్షణములు వారమునకు మూడు రాత్రులకు తగ్గక మూడు మాసములపాటు సాగి, పగటివేళ నీరసము, చిరాకు, పరధ్యానము కలిగించినచో దానిని దీర్ఘకాలిక నిద్రలేమి యందురు. వృద్ధులయందు ఇది ఒంటరిగా వచ్చుట అరుదు. మోకాళ్ళ నొప్పులు, ఆయాసము, గుండెజబ్బు, మధుమేహము, ప్రోస్టేట్ గ్రంథి వాపు మొదలగునవి దీనికి తోడుగా నుండును. రాత్రి నాలుగైదుసార్లు మూత్రమునకు లేచువానికి నిద్ర నిలుచుట యెట్లు? రక్తపుపోటుకు, కాళ్ళవాపుకు వైద్యుడిచ్చిన నీటిమాత్రను ఉదయము వేసికొనవలసియుండగా సాయంకాలము వేసికొనుటచేతనే ఈ కష్టము కొందరికి కలుగును. స్టెరాయిడ్లు, కొన్ని ఆస్తమా మందులు కూడ నిద్రకు విఘాతము కలిగించును. సాయంత్రపు కాఫీలోని కెఫీన్ సగము కరగుటకే సుమారు అయిదు గంటలు పట్టును గనుక, ‘నాకు కాఫీ అలవాటే’ యను సమాధానము నిద్రను కాపాడజాలదు.

నిద్రమాత్రల విషయమై కొంత విస్తరించి చెప్పవలసియున్నది. 1960లో క్లోర్‌డయజెపాక్సైడ్, 1963లో డయజెపామ్ వాడుకలోనికి వచ్చిన పిమ్మట బెంజోడయజెపీన్ వర్గపు మందులు లోకమంతట వ్యాపించినవి. మన ప్రాంతములలో ఆల్ప్రజోలామ్ మాత్ర పట్టీ కనబడని ముసలివారి మందుల డబ్బా అరుదు. ఎన్నడో ఒక వైద్యుడు పదిరోజులకు వ్రాసిన చీటీని మందుల షాపులో చూపి, పిదప చీటీ లేకయే ఏండ్ల తరబడి కొనుచుందురు. వృద్ధుల కాలేయము ఈ మందులలో అనేకమును నెమ్మదిగా హరించును గనుక రాత్రి వేసికొనిన మాత్ర మత్తు మరునాటి పగటికిని మిగిలియుండును. అర్ధరాత్రి స్నానాలగదికి పోవుచు తూలిపడుట, తుంటి యెముక విరుగుట, జ్ఞాపకశక్తి మందగించుట, సంధి పుట్టుట దీనివలని ప్రమాదములు. వృద్ధులకు తగని మందుల పట్టికగా 1991లో అమెరికాలో వెలువడిన ‘బీర్స్ ప్రమాణములు’ నేటికిని ఈ వర్గమును పరిహరింపుమనియే చెప్పుచున్నవి. అట్లని చిరకాలముగా వాడుచున్న మాత్రను ఒక్కనాడే మానివేయరాదు. మానినచో నిద్ర పూర్తిగా చెడి, వణకు పుట్టి, ఒక్కొక్కప్పుడు మూర్ఛలును రావచ్చును. వైద్యుని పర్యవేక్షణలో వారములు, మాసములుగా మోతాదును తగ్గించుటయే మార్గము.

నిద్రలో కలుగు ఇతర వ్యాధులు

గురకను గాఢనిద్రకు గుర్తుగా మనవారు భావింతురు. బిగ్గరగా సాగుచున్న గురక హఠాత్తుగా ఆగి, కొంతసేపు నిశ్శబ్దము వహించి, పిదప ఉక్కిరిబిక్కిరియై మరల ఆరంభమగుచున్నచో అది శ్వాసభంగమునకు చిహ్నము. నిద్రలో గొంతు కండరములు సడలి గాలిమార్గము మూసికొనుటచే పది సెకనులు గాని అంతకు మించి గాని శ్వాస నిలిచిపోవును. ఇట్టి యంతరాయములు గంటకు అయిదైనను కలిగినచో వ్యాధిగా గణింతురు, ముప్పదికి చేరినచో అది తీవ్రమైనది. అదుపునకు రాని రక్తపుపోటు, ఉదయపు తలనొప్పి, పగటి మత్తు, మతిమరుపు దీని ఫలములు. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సల్లివన్ ప్రవేశపెట్టిన సీపాప్ యంత్రము ముక్కునకు తగిలించిన తొడుగుద్వారా గాలిని ఒత్తిడితో పంపి ఆ మార్గమును తెరచి యుంచును. ఈ వ్యాధి గలవారికి నిద్రమాత్ర ఇచ్చుట అపాయకరము.

సాయంకాలమైనంతనే పిక్కలలో ఏదో ప్రాకినట్లు, లాగినట్లు తోచి, కాళ్ళు కదల్చినగాని నిలువలేని బాధ మరియొకటి కలదు. ఇనుప ధాతువు లోపించుట దీనికి ప్రధానకారణములలో నొకటి యగుటచే రక్తపరీక్ష తప్పనిసరి. ఇంకొక వ్యాధిలో స్వప్నమునందు కండరములు వశము తప్పి, రోగి కలలో చేయు పోరాటమును పడకపైననే చేయుచు, కేకలు వేసి, ప్రక్కనున్న భార్యను కొట్టుటయు సంభవించును. 1986లో షెంక్, మహోవాల్డ్ అను అమెరికా వైద్యులు వర్ణించిన ఈ వ్యాధి పార్కిన్‌సన్ వ్యాధికి, లూయీ బాడీ మతిభ్రంశమునకు అనేక సంవత్సరములు ముందుగానే కనిపించుచున్నట్లు తేలినది. కావున దీనిని పీడకలగానో గాలిసోకుడుగానో ఎంచక నాడీవైద్యునికి చూపవలెను.

విషాదరోగము, ఆందోళన

వృద్ధుల విషాదరోగము తరచుగా కన్నీటిని వెంటబెట్టుకొని రాదు. కడుపుమంట, గ్యాసు, ఒళ్ళునొప్పులు, తలదిమ్ము, మలబద్ధకము అను వేషములలో వచ్చును. చేతిలో ఎక్స్‌రేలు, రక్తపరీక్షల కాగితములు నిండిన ప్లాస్టిక్ సంచితో ఆసుపత్రి వరుసలో కూర్చున్న ముసలమ్మను గమనింపుడు: ఎండోస్కోపీ బాగున్నది, గుండె పరీక్ష బాగున్నది, ఒక్కొక్క వైద్యుడు ఒక్కొక్క టానిక్ వ్రాసియిచ్చినాడు, బాధ మాత్రము తగ్గలేదు. ‘అమ్మా, మనస్సెట్లున్నది? ఇష్టమైన పని ఏదైనను చేయబుద్ధి యగుచున్నదా? తెల్లవారుజామున ఎన్నింటికి మెలకువ వచ్చుచున్నది?’ అని అడుగగనే, పూజ మానివేసితిననియు, మనుమల మాటలుకూడ రుచింపవనియు, మూడింటికే లేచి ఇంటికప్పు చూచుచు కూర్చుందుననియు బయటపడును. ఆకలి తగ్గుట, బరువు తగ్గుట, తెల్లవారుజామున మనోవేదన అధికమై ప్రొద్దెక్కిన కొలది కొంత సడలుట దీని ముఖ్యలక్షణములు.

భర్తయో భార్యయో గతించుట, ఉద్యోగవిరమణ, చెవులు వినబడకపోవుట, పక్షవాతము, ఆర్థికపరతంత్రత, బిడ్డలు దూరదేశములకు పోవుట దీనికి ప్రేరకములు. ఆప్తవియోగ దుఃఖము సహజమైనది. అది అలలుగా వచ్చిపోవుచు కాలక్రమమున నెమ్మదించును. నెలలు గడచినను తరుగక, తాను నిష్ప్రయోజకుడనను భావముగా స్థిరపడినచో అది వ్యాధి. ఆందోళన కూడ దీని వెంటనే నడచును: ఒకసారి జారిపడినవారు మరల పడుదుమేమో యను భయముతో గడప దాటక, కండరములు క్షీణించి, ఆ క్షీణతవలననే మరల పడుదురు. ‘నేను మీకు భారమైతిని’, ‘దేవుడు తీసికొనిపోయిన బాగుండును’ అను మాటలను నిట్టూర్పులుగా తీసివేయరాదు. అట్టి తలంపులను గూర్చి నెమ్మదిగా అడిగినంతమాత్రమున అవి క్రొత్తగా పుట్టవు, అడుగుట ప్రాణరక్షకము. పల్లెయిండ్లలో పురుగుమందు డబ్బాలను తాళముచాటున నుంచుట ఈ సందర్భమున అత్యవసరము.

మతిభ్రంశము

కండ్లజోడు ఎక్కడ పెట్టినది మరచుట సామాన్యమైన మరపు. వండుటకు నలుబదియేండ్లుగా అలవాటైన పులుసులో ఏది ముందు వేయవలెనో తెలియక పొయ్యి యెదుట నిలిచిపోవుట, తెలిసిన వీథిలో దారి తప్పుట, అడిగినదే పదిసార్లు అడుగుట, పింఛను లెక్క చేయలేకపోవుట మతిభ్రంశమునకు సూచనలు. దీనిని ‘చాదస్తము’ అని నవ్వి విడిచిపుచ్చుట వలన తొలిదశలోని అమూల్యమైన కాలము వ్యర్థమగుచున్నది. లాసి సర్వేతో అనుబంధించి జరిగిన పరిశోధన, దేశములో అరువదేండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి, ఈ వ్యాధి గలదని అంచనా కట్టినది. స్త్రీలలోను, నిరక్షరాస్యులలోను, గ్రామీణులలోను ఇది అధికము. ఆల్‌జైమర్ వ్యాధి, మెదడు రక్తనాళముల వ్యాధి, లూయీ బాడీ వ్యాధి దీనికి ముఖ్యకారణములు. ఐనను థైరాయిడ్ లోపము, బి12 విటమిన్ లోపము, తలకు దెబ్బ తగిలి లోపల రక్తము గడ్డకట్టుట, మత్తు కలిగించు మందులు, విషాదరోగము అను చికిత్సాసాధ్యములైన కారణములను ముందుగా వెదకుట వైద్యుని ప్రథమధర్మము. మధుమేహమునకు చిరకాలము మెట్‌ఫార్మిన్ వాడువారిలో బి12 తగ్గుట కలదని గుర్తుంచుకొనవలెను.

ఈ విషయమున తెలుగునేల చేసిన దోహదము స్మరణీయము. హైదరాబాదులోని నిజాము వైద్యవిజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది మతిభ్రంశ రోగులను పరిశీలించి, ఒకే భాష తెలిసినవారికంటె రెండుగాని అంతకు మించిగాని భాషలు మాటలాడువారిలో వ్యాధి సగటున నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగా తలయెత్తినదని 2013లో ప్రకటించిరి. చదువురానివారిలోను ఈ భేదము కనబడుట విశేషము. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన ఆ నగరమే ఈ పరిశోధనకు తగిన క్షేత్రమైనది.

సంధి

మతిభ్రంశము నెలలు, ఏండ్లు పట్టి ముదురును. సంధి గంటలలో, దినములలో పుట్టును. తుంటి యెముకకు శస్త్రచికిత్స జరిగిన రెండవనాటి సాయంకాలమువరకు చక్కగా మాటలాడిన వృద్ధుడు, దీపములు పెట్టు వేళకు సెలైన్ గొట్టమును పెరికివైచి, గదిలో పరాయివారు తిరుగుచున్నారని బెదరి, మరునాటి ఉదయము తేరుకొని, రాత్రి మరల ప్రేలాపన ఆరంభించును. ఈ హెచ్చుతగ్గులే దీని గుర్తు. కొందరిలో అలజడి లేక, పిలిచినను పలుకని మగతగా నుండును. ఇదియే ఇంటివారి కంట బడక మరింత ప్రమాదకరమగును. మూత్రకోశ వ్యాధి, న్యుమోనియా, నిర్జలీకరణము, రక్తములో సోడియం పడిపోవుట, మూత్రము బంధించుట, క్రొత్త మందులు దీనికి కారణములు. సంధిని పిచ్చిగా భావింపక అత్యవసర వ్యాధిగా నెంచి తత్‌క్షణమే వైద్యుని చేరవలెను. రోగికి కండ్లజోడు, చెవియంత్రము అందించుట, ఎదుట గడియారము నుంచుట, పరిచితుడొకడు ప్రక్కన కూర్చుండుట, రాత్రి నిద్రకు భంగము రానీయకుండుట ఔషధమువంటివే.

చికిత్స

దీర్ఘకాలిక నిద్రలేమికి ప్రథమచికిత్స మాత్ర కాదనియు, ప్రవర్తనను సవరించు చికిత్సయే యనియు అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అను వైద్యసంఘము 2016లో నిర్ణయించినది. నిద్ర వచ్చినప్పుడే పడక చేరుట, కొంతసేపు పట్టకున్నచో లేచి మరియొకచోట కూర్చుండి నిద్ర వచ్చిన పిమ్మటనే మరలుట, రాత్రి యెట్లు గడచినను ఉదయము ఒకే వేళకు లేచుట, పడకను నిద్రకే గాని టీవీకి, సెల్‌ఫోనుకు, చింతకు వినియోగింపకుండుట దీని సూత్రములు. వీనిలో కొన్నిటికి 1972లో బూట్జిన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు రూపకల్పన చేసెను.

విషాదరోగమునకు సలహాచికిత్స, ఔషధములు రెండును ఫలించును. మందు గుణము కనబడుటకు నాలుగు మొదలు ఆరు వారములు, వృద్ధులలో ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును గనుక పదిరోజులకే నిరాశపడి మానరాదు. స్వల్పమోతాదుతో ఆరంభించి, రక్తములోని సోడియమును పరీక్షించుచుండవలెను. అన్నము మానివేసిన తీవ్రరోగులకు విద్యుత్‌చికిత్స వృద్ధాప్యమునందును ప్రాణదాయకము. ఆల్‌జైమర్ వ్యాధికి 1996లో అంగీకరింపబడిన డోనెపెజిల్ మొదలగు మందులు లక్షణములను కొంతకాలము తగ్గించునే గాని వ్యాధిని నిర్మూలింపవు. కావుననే నివారణకు ప్రాధాన్యము. చెవుడు, చూపులోపము, రక్తపుపోటు, మధుమేహము, పొగత్రాగుట, వ్యాయామలోపము, ఒంటరితనము మొదలగు 14 కారణములను తొలగించినచో మతిభ్రంశములో సుమారు నూటికి 45 వంతులు నివారించుటకో జాగు చేయుటకో అవకాశము గలదని లాన్‌సెట్ వైద్యపత్రిక నియమించిన సంఘము 2024లో అంచనా వేసినది.

కుటుంబము, సంఘము, ప్రభుత్వము

వృద్ధుల సేవాభారము మన గృహములలో ప్రాయికముగా కూతురిపై, కోడలిపై, ముదుసలియగు భార్యపై పడుచున్నది. రాత్రులు నిద్రలేక సేవచేయు ఆమెయును విషాదరోగమునకు గురియగుచుండును. అమెరికా మున్నగు దేశములలో స్థిరపడిన తెలుగుబిడ్డలు పంపు ధనము మందులకు చాలవచ్చునుగాని ప్రక్కన కూర్చుండి మాటలాడువారి కొరతను తీర్పలేదు. ప్రతిదినము ఒకే వేళకు చేయు ఫోను పిలుపు, ఇరుగుపొరుగువారి రాకపోకలు, గుడి అరుగు, భజన, గ్రంథాలయము, ఉదయపు నడక స్నేహితులు ఆ కొరతను కొంత పూరింపగలవు.

1999లో వృద్ధుల జాతీయవిధానము, 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము, 2010–11లో వృద్ధుల జాతీయ ఆరోగ్యసంరక్షణ కార్యక్రమము, 2017లో మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము వెలువడినవి. మానసికవైద్య సలహాకై 14416 సంఖ్యగల టెలీ మానస్ సేవ 2022 నుండి తెలుగుతో సహా పలు భారతీయభాషలలో లభించుచున్నది. వృద్ధుల సహాయమునకు 14567 సంఖ్య కలదు. హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్టణములోను ప్రభుత్వ మానసిక చికిత్సాలయములు పనిచేయుచున్నవి. చట్టములున్నను, సంస్థలున్నను, రోగిని వానికడకు చేర్చు మొదటి అడుగు ఇంటినుండియే పడవలెను. కావున ఇంట ముసలివారు గల ప్రతివారును రక్తపుపోటును చక్కెరను అడిగినంత శ్రద్ధతో వారి నిద్రను, మనస్సును, మరపును గూర్చి అడిగి తెలిసికొందురుగాక. మార్పు కనబడినచో దానిని వయస్సు ఖాతాలో వ్రాయక వైద్యునికడకు తోడ్కొనిపోవుదురుగాక.